పక్షపాతం పక్షపాతంలా అనిపించదు, చూపులా అనిపిస్తుంది

మీరు అడిగినవి మూడు. దురభిప్రాయం, కాగ్నిటివ్ బయాస్ ఒకటేనా? రోజువారీ జీవితంలో అవి మనలో ఉన్నాయని ఎలా తెలుస్తుంది? కథలు, నవలలు చదివితే తగ్గుతాయంటారు, నిజమేనా? చివర్లో ఒక సొంత విషయం కూడా రాశారు. ఆఫీసులో కొత్తగా చేరిన ఒకాయన మీద మొదటి వారంలోనే "పొగరు మనిషి" అన్న అభిప్రాయం పడిపోయిందని, ఇప్పుడు ఆయన ఏం చేసినా అదే కనిపిస్తోందని, ఇది న్యాయమేనా అని అనుమానంగా ఉందని. నాకు ఆ చివరి ముక్కే అన్నిటికన్నా విలువైనదిగా అనిపించింది. ఇరవై రెండేళ్లుగా మనస్తత్వశాస్త్రం పాఠం చెబుతున్నాను. పక్కవాళ్ల పక్షపాతం గురించి చెప్పినవాళ్లు లెక్కలేనంత మంది. తన అభిప్రాయం మీద తనకే అనుమానం వచ్చిందన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

ముందు నాకు జరిగింది ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో ఒకసారి పరీక్ష పేపర్లు దిద్దడం అయిపోయాక, నాకన్నా సీనియర్ ఒకావిడ "ఆ కట్టలోంచి రెండు పేపర్లు తీసి, మూడో జవాబులు మాత్రం పక్కపక్కన పెట్టి చదువు" అన్నారు. చదివాను. రెండింటిలోనూ దాదాపు ఒకే వాక్యం ఉంది. జ్ఞాపకం గురించి అరకొరగా, సగంలో ఆగిపోయిన వాక్యం. ఒక పేపర్లో దాని పక్కన నేను "చెప్పదలచుకున్నది అర్థమైంది" అని రాసి పదికి ఎనిమిది వేశాను. రెండో పేపర్లో "స్పష్టత లేదు" అని రాసి ఐదు వేశాను. అదే ఎర్ర పెన్ను, అదే సాయంత్రం, అదే నేను. తేడా ఎక్కడుందంటే, మొదటి పేపరు రాసినమ్మాయి ఒకటో జవాబు అద్భుతంగా రాసింది. రెండో పేపరు రాసినబ్బాయి ఒకటో జవాబులో తడబడ్డాడు, పైగా క్లాసులో చివరి బెంచీలో కూర్చునేవాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు, చెడు ఉద్దేశం అసలే లేదు. దిద్దుతున్నంతసేపూ నేను న్యాయంగానే ఉన్నాననుకున్నాను. ఆ మూడు మార్కులు ఈరోజుకీ నన్ను వదల్లేదు.

అప్పుడు నాకు అర్థమైంది ఇదీ. మొదటి పేపర్లో ఆ అరకొర వాక్యం నాకు నిజంగానే స్పష్టంగా కనిపించింది. రెండో పేపర్లో అదే వాక్యం నిజంగానే గజిబిజిగా కనిపించింది. నేను కావాలని ఎక్కువ తక్కువ వేయలేదు, నాకు కనిపించినదానికే మార్కులు వేశాను. పక్షపాతం లోపల ఒక స్వరంలా "వీడికి తగ్గించు" అని చెప్పదు. అది చూపులోనే కలిసిపోయి ఉంటుంది. పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని అంటాం కదా, ఆ సామెతలో అసలు సంగతి పసుపు రంగు గురించి కాదు. ఆ రంగు తన కంట్లో ఉందని వాడికి తెలియకపోవడం గురించి.

ఒక్క విషయంలో పడ్డ ముద్ర మిగతా అన్నిటి మీదా ఇలా పరుచుకోవడాన్ని హేలో ఎఫెక్ట్ అంటారు. అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే దీని గురించి రాశాడు. సైన్యంలో అధికారులు తమ కింద పనిచేసేవాళ్లకు శరీర దారుఢ్యం, తెలివి, నాయకత్వం, నడవడిక అంటూ విడివిడిగా మార్కులు వేయాలి. తీరా చూస్తే ఒకదానిలో ఎక్కువ వచ్చినవాడికి అన్నిట్లోనూ ఎక్కువే. మనుషుల్లో ఈ గుణాలు అంత చక్కగా కలిసి నడవవు. అధికారి మనసులో "వీడు మంచివాడు" అన్న ఒకే ముద్ర పడింది, మిగతా గడులన్నీ ఆ ముద్రే నింపింది.

ఇక మీ మొదటి ప్రశ్న. రెండూ ఒకటి కావు గానీ, ఒకే ఇంట్లో ఉంటాయి. కాగ్నిటివ్ బయాస్ అంటే ఆలోచనలో వచ్చే ఒరుగుదల. తక్కువ సమయంలో, తక్కువ సమాచారంతో తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు మెదడు పట్టే అడ్డదారి. దానికి ప్రేమ, ద్వేషం అక్కర్లేదు. డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1974లో రాసిన పేపర్లో ఒక ప్రయోగం ఉంది. అంకెలున్న ఒక చక్రం తిప్పుతారు. అది 10 దగ్గరో 65 దగ్గరో ఆగేలా ముందే ఏర్పాటు చేసి ఉంటుంది. తర్వాత, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతం ఉంటాయో చెప్పమంటారు. చక్రం మీద 10 చూసినవాళ్ల అంచనా సుమారు 25 శాతం. 65 చూసినవాళ్లది సుమారు 45. చక్రానికీ ఐక్యరాజ్యసమితికీ సంబంధం లేదని అందరికీ తెలుసు. అయినా ఆ అంకె మనసుకి తగులుకుని లాగింది. ఇందులో ఎవరి మీదా ద్వేషం లేదు, మెదడు పనిచేసే తీరు మాత్రమే ఉంది.

దురభిప్రాయం అలా కాదు. అది మనుషుల మీద ఉంటుంది. ఒక మనిషిని ఆ మనిషిగా చూడకముందే, అతను ఏ గుంపువాడో చూసి లెక్క కట్టేయడం. అందులో ఇష్టం, అయిష్టం, భయం కలిసి ఉంటాయి. అది మనం సొంతంగా కనిపెట్టుకున్నది కూడా కాదు, చాలావరకు పెద్దవాళ్ల మాటల్లోంచి, చుట్టూ వినపడే వేళాకోళాల్లోంచి ఒంటబట్టినది. గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో ఈ విషయం మీద రాసిన పెద్ద పుస్తకంలో వాదన ఏమిటంటే, మనసు వర్గాలుగా విడగొట్టకుండా ఆలోచించలేదు, దురభిప్రాయానికి పునాది ఆ మామూలు పనిలోనే ఉంది. నేను దీన్ని క్లాసులో ఇలా చెబుతాను: దురభిప్రాయం విత్తనం, బయాస్ నేల. విత్తనం బయటినుంచి వచ్చి పడుతుంది. దాన్ని మొలకెత్తించి, నీళ్లు పోసి, "ఇది ఇక్కడ ఎప్పటినుంచో ఉన్న చెట్టే" అనిపించేది నేల.

అది ఎలా జరుగుతుందో చూపించే ప్రయోగం ఒకటి ఉంది. నేను ఎన్నిసార్లు చెప్పినా క్లాసు ఒక్క క్షణం నిశ్శబ్దమైపోతుంది. 1983లో జాన్ డార్లీ, పేజెట్ గ్రాస్ చేశారు. హానా అనే నాలుగో తరగతి పాప వీడియో. కొందరికి ఆ పాప బాగా ఉన్న కుటుంబంలో పెరిగినట్టు చూపించారు, కొందరికి పేద కుటుంబంలో పెరిగినట్టు. అక్కడితో ఆపి "ఈ పాప చదువు ఏ స్థాయిలో ఉంటుంది?" అని అడిగితే, రెండు వర్గాలవాళ్లూ జాగ్రత్తపడ్డారు. తన తరగతికి తగ్గట్టే ఉంటుందన్నట్టు చెప్పారు. కేవలం డబ్బు చూసి తేల్చకూడదని వాళ్లకు తెలుసు. ఇంకొందరికి అదనంగా, పాప ప్రశ్నలకు జవాబులు చెబుతున్న వీడియో కూడా చూపించారు. అందరికీ ఒకటే వీడియో. అందులో పాప కొన్ని కష్టమైనవాటికి సరిగ్గా చెబుతుంది, కొన్ని తేలికైనవి తప్పుతుంది. ఎటూ తేల్చని వీడియో. అది చూశాక మాత్రం రెండు వర్గాలూ విడిపోయాయి. ఉన్నింటి పిల్ల అనుకున్నవాళ్లు తరగతికి మించిన తెలివి ఉందన్నారు. లేనింటి పిల్ల అనుకున్నవాళ్లు తరగతికి తక్కువన్నారు. పైగా రెండువైపులా వాళ్లు ఆ వీడియోనే సాక్ష్యంగా చూపించారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, మొత్తం విషయానికి ఇదే కీలకం. సాక్ష్యం లేనప్పుడు వాళ్లు మంచిగానే ఉన్నారు. సాక్ష్యం దొరికాకే పక్షపాతం బయటపడింది. ఎందుకంటే ఇప్పుడు వాళ్లు డబ్బు చూసి చెప్పడం లేదు, "కళ్లారా చూసి" చెబుతున్నారు. మనలో చాలామంది "నేను ఎవరినీ ఊరికే అనను, చూశాకే అంటాను" అని నిజాయితీగా చెప్పుకుంటాం. ఆ మాట అబద్ధం కాదు. చూడటమే ఒకవైపు ఒరిగి ఉంది.

గుంపు కట్టడానికి మనిషికి ఎంత చిన్న సాకు చాలో కూడా చెప్పాలి. హెన్రీ తాజ్‌ఫెల్, ఆయన తోటివాళ్లు 1971లో ప్రచురించిన ప్రయోగాల్లో, బ్రిస్టల్‌లోని స్కూలు అబ్బాయిలకు ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపించి, ఎవరివి నచ్చాయో అడిగి రెండు గుంపులు చేశామన్నారు. నిజానికి గుంపులు లాటరీ వేసినట్టు చేసినవే. ఒకరినొకరు చూసుకోలేదు, మాట్లాడుకోలేదు. అయినా డబ్బు పంచమంటే తమ గుంపువాడికే ఎక్కువ ఇచ్చారు. తమవాళ్లకు వచ్చేది కాస్త తగ్గినా ఫర్వాలేదు, అవతలి గుంపుతో తేడా ఎక్కువ ఉండాలని చూసినవాళ్లూ ఉన్నారు. గంట ముందు లేని గుంపు కోసం!

రోజువారీ జీవితంలో ఎలా గుర్తుపట్టాలి అన్నారు. దానికి ముందు ఒక చిన్న ఆట ఆడండి. 2, 4, 6 అన్న మూడు అంకెల వెనక ఒక నియమం ఉందనుకోండి. అది కనుక్కోవడానికి మీరు ఇష్టమైన మూడంకెలు చెప్పొచ్చు, అవి నియమానికి సరిపోతాయో లేదో చెబుతాను. చాలామంది 8, 10, 12 అంటారు. సరే. 20, 22, 24 అంటారు. సరే. "రెండేసి పెరిగే సరి సంఖ్యలు" అని ధీమాగా చెబుతారు. తప్పు. అసలు నియమం, అంకెలు పెరుగుతూ పోవాలి, అంతే. 1, 7, 50 అన్నా సరిపోయేది. పీటర్ వేసన్ 1960లో చేసిన ప్రయోగం ఇది. జనం తమ ఊహను నిజం చేసేవే అడుగుతారు, దాన్ని పడగొట్టగలిగే ఒక్క ప్రశ్న వేయరు. 6, 4, 2 అని ఒక్కసారి అడిగి "కాదు" అనిపించుకోవడానికి మనసు రాదు. తెలుగులో దీన్ని ఎప్పుడో చెప్పుకున్నాం: నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆ మాట మొండివాళ్ల మీద వాడతాం గానీ, వేసన్ చూపించింది ఏమిటంటే, మొండితనం ఏమీ లేని మామూలు మనిషి కూడా నాలుగో కాలు ఉండే వైపుకి వెళ్లి చూడడు.

ఇంగ్లిష్ తత్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ 1620లోనే ఈ సంగతి పట్టుకున్నాడు. ఒకతనికి గుడిలో కొన్ని చిత్రపటాలు చూపించారట. మొక్కుకున్నాక ఓడ మునిగినా ప్రాణాలతో బయటపడ్డవాళ్ల బొమ్మలవి. "ఇప్పటికైనా దేవుళ్ల మహిమ ఒప్పుకుంటావా?" అంటే, అతను "మొక్కుకుని కూడా మునిగిపోయినవాళ్ల బొమ్మలు ఎక్కడున్నాయి?" అని అడిగాడు. ఎవరి గురించైనా "వాళ్లంతా అంతే, నేను ఎన్నిసార్లు చూశానో" అని నోటికి వచ్చినప్పుడల్లా నేను ఈ ప్రశ్న గుర్తు చేసుకుంటాను. అలా లేనివాళ్ల బొమ్మలు నా గోడ మీద ఎక్కడున్నాయి? ఎదురైనవాళ్లలో నా అభిప్రాయానికి సరిపోనివాళ్లను "ఈయన వేరులే" అని పక్కన పెట్టేశాను. సరిపోయినవాళ్లను ఫ్రేము కట్టించుకున్నాను.

ఇంకో గుర్తు ఉంది, రోజూ కనిపించేది. మనం ఆలస్యంగా వస్తే ట్రాఫిక్ కారణం, అవతలివాళ్లు ఆలస్యంగా వస్తే బాధ్యత లేకపోవడం కారణం. మన కోపానికి టెన్షన్ కారణం, వాళ్ల కోపానికి వాళ్ల బుద్ధి కారణం. మన పరిస్థితి మనకు లోపలినుంచి తెలుసు, వాళ్లది తెలియదు, తెలియనిచోట స్వభావాన్ని పెట్టి పూడ్చేస్తాం. నచ్చని గుంపువాళ్ల విషయంలో ఇది ఇంకో మెట్టు పైకి వెళుతుంది. ఆ ఒక్కడి తప్పు ఆ గుంపు మొత్తానికి స్వభావమైపోతుంది.

వీటివల్ల పెద్దగా నష్టమేముంది అనుకునేవాళ్లకు ఒక లెక్క. మరియాన్ బర్ట్రాండ్, సెంధిల్ ములైనాథన్ 2004లో ప్రచురించిన అధ్యయనంలో, అమెరికాలోని బోస్టన్, షికాగో పత్రికల్లో వచ్చిన ఉద్యోగ ప్రకటనలకు సుమారు 5,000 ఊహాజనిత బయోడేటాలు పంపారు. అర్హతలు ఒకలాంటివే. తేడా పేర్లలో ఉంది, కొన్ని వింటే తెల్లవాళ్లనిపించే పేర్లు, కొన్ని నల్లవాళ్లనిపించే పేర్లు. తెల్లవాళ్ల పేర్లకు సుమారు 50 శాతం ఎక్కువ పిలుపులొచ్చాయి. ఆ బయోడేటాలు చూసినవాళ్లలో ఎంతమంది "నేను జాతి చూసి తీసేశాను" అని ఒప్పుకుంటారు? చాలామంది ఇంకేదో కారణం చెబుతారు, దాన్ని మనస్ఫూర్తిగా నమ్ముతారు కూడా.

ఈ తెలియని పక్షపాతాన్ని కొలవడానికి ఇంప్లిసిట్ అసోసియేషన్ టెస్ట్ అని ఒక పరీక్ష ఉంది, పదాలనూ బొమ్మలనూ ఎంత వేగంగా జత చేస్తామో చూసేది. మీరూ ఇంటర్నెట్లో చేసి ఉండొచ్చు. 1998లో ఆంథోనీ గ్రీన్‌వాల్డ్ బృందం ప్రచురించింది. దాన్ని అభివృద్ధి చేసినవాళ్లలో ముఖ్యురాలు మహజరిన్ బనాజీ, సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగిన మనిషి. పరీక్ష చేశాక భయపడిపోయి నా దగ్గరికి వచ్చిన విద్యార్థులున్నారు. వాళ్లకు చెప్పేదే మీకూ చెబుతాను. పెద్ద సంఖ్యలో జనాన్ని అర్థం చేసుకోవడానికి అది పనికొస్తుంది. ఒక్క మనిషి స్కోరు చూసి అతను రేపు ఎలా ప్రవర్తిస్తాడో చెప్పడానికి మాత్రం చాలా బలహీనం. తర్వాతి పరిశోధనలు ఆ లంకె సన్ననిదేనని చూపించాయి. దాన్ని మీ మనసుకి వచ్చిన రిపోర్టు అనుకోవద్దు.

ఇక సాహిత్యం. నాకు మనసుకి బాగా దగ్గరైన విషయం, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను.

ఈ శాస్త్రమంతా రాకముందు ఈ పనిని కథలే చేశాయి. పంచతంత్రం ఐదో భాగం పేరే "అపరీక్షిత కారకం", అంటే పరీక్షించకుండా చేసిన పని. అందులోని ముంగిస కథ మనందరికీ తెలుసు. తల్లి బయటికి వెళుతుంది, పాము వస్తుంది, ముంగిస దాన్ని చంపి పిల్లవాణ్ణి కాపాడుతుంది, మూతికి రక్తంతో ఎదురొస్తుంది, తల్లి నీళ్ల కుండ దాని మీద వేసి చంపేస్తుంది. తొందరపాటు కూడదని నీతి చెప్పి వదిలేస్తాం. కానీ కథ మొదట్లో ఒక చిన్న మాట ఉంది. ఆమె ముంగిసను సాకుతూనే ఉన్నా, అది దాని జాతి స్వభావం కొద్దీ బిడ్డకు ఎప్పుడైనా హాని చేస్తుందేమోనని లోపల నమ్మకం లేకుండానే ఉంది. అంటే తీర్పు ఎప్పుడో రాసి పెట్టి ఉంది, రక్తం వచ్చి సంతకం పెట్టింది. అదే రక్తం తను పూర్తిగా నమ్మిన కుక్క మూతికి అంటుకుని ఉంటే, ఆమె ముందు లోపలికి పరిగెత్తి ఉయ్యాల చూసేది. అందుకే నా దృష్టిలో ఈ కథ తొందరపాటు గురించి కన్నా ముందే ఉన్న అనుమానం గురించి ఎక్కువ చెబుతుంది.

మేకను మోసుకెళుతున్న బ్రాహ్మణుడి కథ ఇంకో వైపు చూపిస్తుంది. ముగ్గురు మోసగాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఎదురై, భుజాన ఉన్నది మేక కాదంటారు. మూడోవాడి దగ్గరికి వచ్చేసరికి తన భుజం మీది బరువునే తను నమ్మలేకపోతాడు. సోలమన్ ఆష్ 1951లో ప్రచురించిన ప్రయోగాల్లో, గీతల పొడవు పోల్చమన్నప్పుడు చుట్టూ ఉన్నవాళ్లంతా కావాలని తప్పు చెబితే, నాలుగింట మూడు వంతుల మంది కనీసం ఒక్కసారైనా వాళ్లతో పాటు తప్పు చెప్పారు. ఒక గుంపు గురించి పదిమంది పది చోట్ల ఒకే మాట అంటే, అది ఎలా "అందరికీ తెలిసిన నిజం" అయిపోతుందో ఈ రెండూ కలిపి చదివితే తెలుస్తుంది.

షేక్‌స్పియర్ ఒథెల్లోలో దురభిప్రాయం, బయాస్ రెండూ ఒకదాన్నొకటి ఎలా మేపుతాయో కనిపిస్తుంది. తన కూతురు డెస్డెమోనా నల్లవాడైన ఒథెల్లోను మనసిచ్చి పెళ్లాడిందంటే తండ్రి నమ్మలేడు, మందో మంత్రమో పెట్టాడంటాడు. అది దురభిప్రాయం. తర్వాత, ఒథెల్లో మీద కక్ష పెంచుకున్న ఇయాగో అదే విషాన్ని ఒథెల్లో చెవిలో పోస్తాడు: నీలాంటివాణ్ణి ఆమె నిజంగా ప్రేమిస్తుందా అని. లోకం తనను చూసిన చూపుతోనే ఒథెల్లో తనను చూసుకోవడం మొదలుపెడతాడు. ఇక ఆ తర్వాత, భార్య తనను మోసం చేసిందని నమ్మడానికి ఒక చేతి రుమాలు చాలు. ఈర్ష్య పట్టినవాడికి గాలిలాంటి చిన్న విషయం కూడా వేదవాక్యమంత రుజువని ఇయాగోకు తెలుసు.

అయితే ఒక మనిషి తన పక్షపాతాన్ని తనే పట్టుకున్న క్షణం చూడాలంటే, నేను 1813లో వచ్చిన జేన్ ఆస్టెన్ ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌లోని ఉత్తరం ఘట్టం చదవమంటాను. ఆ నవలకు మొదట అనుకున్న పేరు "ఫస్ట్ ఇంప్రెషన్స్", అంటే తొలి ముద్రలు. నాయిక ఎలిజబెత్‌కు డార్సీ అంటే మంట, మొదటి పరిచయంలోనే ఆమె అందాన్ని చిన్నబుచ్చాడు. వికమ్ అంటే ఇష్టం, నవ్వుతూ మాట్లాడతాడు, ఆమెను ప్రత్యేకంగా చూస్తాడు, డార్సీ తనకు అన్యాయం చేశాడని చెబుతాడు. ఆ తర్వాత డార్సీ ఒక ఉత్తరం రాసి తన వైపు సంగతి చెబుతాడు. మొదటిసారి చదివినప్పుడు ఆమెకు అంతా అబద్ధమే. కానీ ఆ కాగితం మళ్లీ తెరుస్తుంది, ఒక్కో వాక్యం దగ్గర ఆగుతుంది. అప్పుడు పాత సంగతులు ఒక్కొక్కటీ కొత్తగా కనిపిస్తాయి. వికమ్ మొదటి పరిచయంలోనే, ముక్కూమొహం తెలియని తనతో అంత సొంత విషయం ఎందుకు చెప్పాడు? డార్సీకి ఎదురుపడటానికి తనకేం భయం అని చెప్పి, తీరా విందుకు రాకుండా ఎందుకు తప్పించుకున్నాడు? డార్సీ మిత్రబృందం ఆ ప్రాంతం వదిలి వెళ్లాకే ఆ కథ అందరికీ ఎందుకు చెప్పాడు?

నాకు ఈ ఘట్టంలో ఎప్పటికీ ఆశ్చర్యం కలిగించేది, ఆ మూడు ప్రశ్నలకూ కొత్త సమాచారం ఏదీ అక్కర్లేదు. అన్నీ ఆమెకు ముందే తెలుసు, ఆమె కళ్ల ముందే జరిగాయి. తెలివిలో ఆమె ఎవరికీ తీసిపోదు. ఒకరు తనను మెచ్చుకున్నారు, ఒకరు చిన్నబుచ్చారు, ఆ రెండు చిన్న అనుభవాలూ మిగతా అన్నిటికీ రంగు పూశాయి. అది ఆమె స్వయంగా ఒప్పుకుంటుంది. ఇంకో సంగతి, మొదటిసారి చదివేటప్పుడు మనం కూడా వికమ్‌నే నమ్ముతాం. పట్టుబడేది ఎలిజబెత్ ఒక్కతే కాదు, చదువుతున్న మనం కూడా. పాఠ్యపుస్తకం "నీకు పక్షపాతం ఉంది" అని చెబుతుంది. మంచి నవల మనచేత పక్షపాతం చూపించి, తర్వాత మనల్ని అక్కడికక్కడే పట్టేస్తుంది.

అలాగని సాహిత్యం చదివితే దురభిప్రాయం తగ్గిపోతుందని నేను హామీ ఇవ్వను. రెండు కారణాలున్నాయి. మొదటిది, సాహిత్యమే దురభిప్రాయాన్ని మోసుకొస్తుంది. 1975లో నైజీరియా రచయిత చినువా అచెబె ఒక ఉపన్యాసంలో, కాన్రాడ్ రాసిన హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్ నవలలో ఆఫ్రికా మనుషులు మనుషులుగా లేరని, ఒక యూరోపియన్ మనసు చెదిరిపోవడానికి వెనకాల కట్టిన తెరలా మాత్రమే ఉన్నారని గట్టిగా అన్నాడు. అంతకుముందు దశాబ్దాలుగా ఎంతోమంది చదువుకున్నవాళ్లు ఆ పుస్తకం చదివారు, మెచ్చుకున్నారు, చాలామందికి ఆ లోటు కనిపించలేదు. షార్లట్ బ్రాంటె నవల జేన్ ఐర్‌లో అటక మీద బంధించిన పిచ్చి భార్యకు మాట లేదు. దాదాపు 120 ఏళ్ల తర్వాత, 1966లో జీన్ రీస్ ఆమె వైపు నుంచి నవల రాసేదాకా చాలామంది పాఠకులకు ఆమె కూడా ఒక మనిషన్న ఆలోచనే రాలేదు. కాబట్టి ఏ కథ చదివినా నేను చూసుకునేది: ఇందులో ఎవరికి లోపలి ఆలోచన ఉంది, ఎవరికి వేషం మాత్రమే ఉంది?

రెండో కారణం, పరిశోధనలు అంత గట్టిగా లేవు. 2013లో డేవిడ్ కిడ్, ఇమాన్యుయేల్ కస్టానో ప్రచురించిన అధ్యయనం, సాహిత్య విలువ ఉన్న కథ కొద్దిసేపు చదివినా ఇతరుల మనసు చదివే శక్తి పెరుగుతుందని చెప్పింది. పత్రికలన్నీ రాశాయి. తర్వాత వేరేవాళ్లు మళ్లీ చేసి చూస్తే చాలాసార్లు ఆ ఫలితం నిలబడలేదు. నా అనుభవం కూడా అదే. ఊరికే చదివి పక్కన పెట్టిన పుస్తకం ఎవరినీ పెద్దగా మార్చడం నేను చూడలేదు. చదివి, "ఆ పాత్రను నువ్వెందుకు నమ్మావు?" అని ఎవరో అడిగి, దానికి సమాధానం వెతుక్కున్నప్పుడు మాత్రం మొహాల్లో మార్పు చూశాను.

సాహిత్యం మీద కూడా దురభిప్రాయాలుంటాయని ఒక్క మాట చెప్పి ముందుకెళతాను. కాళిదాసు మాళవికాగ్నిమిత్రం ప్రస్తావనలోనే, పాత కవులుండగా ఈ కొత్త కవి నాటకం ఎందుకని అడిగితే, సూత్రధారుడు చెప్పే సమాధానం ఉంది. పాతదైనంత మాత్రాన అంతా మంచిది కాదు, కొత్తదైనంత మాత్రాన కావ్యం చెడ్డదీ కాదు. తెలిసినవాళ్లు పరీక్షించి తీసుకుంటారు, తెలియనివాళ్లు పరాయివాళ్ల నమ్మకం వెంట పోతారు. కాళిదాసంతటివాడికి కూడా ఒకప్పుడు "కొత్తవాడు" అన్న ముద్రతో పోరాటం తప్పలేదు.

మరి తగ్గించుకునేదెలా? "ఇకనుంచి నిష్పక్షపాతంగా ఉంటాను" అని అనుకోవడం దాదాపు పనిచేయదు. ఇది నా ఊహ కాదు. 1979లో చార్లెస్ లార్డ్, లీ రాస్, మార్క్ లెపర్ మరణశిక్షను సమర్థించేవాళ్లకూ వ్యతిరేకించేవాళ్లకూ ఒకే రెండు అధ్యయనాలు చదవమని ఇచ్చారు, ఒకటి అటు, ఒకటి ఇటు. రెండు వైపులా వాళ్లూ తమకు నచ్చినదాంట్లో బలం, నచ్చనిదాంట్లో లోపాలు చూశారు, చివరికి ముందుకన్నా గట్టిగా తమ వైపే నిలబడ్డారు. 1984లో లార్డ్, లెపర్ మరొకరితో కలిసి దీన్నే ఇంకాస్త ముందుకు తీసుకెళ్లారు. కొందరికి "వీలైనంత నిష్పక్షపాతంగా, న్యాయమూర్తిలా చదవండి" అన్నారు. ఫలితం మారలేదు. ఇంకొందరికి వేరే మాట చెప్పారు: "ఇదే అధ్యయనం, ఇదే పద్ధతిలో చేస్తే, ఫలితం సరిగ్గా ఎదురుగా వచ్చి ఉంటే, మీరు దీన్ని ఇలాగే నమ్మేవాళ్లా అని అడుగడుగునా మిమ్మల్ని మీరే అడగండి." వీళ్లలో ఒరుగుదల తగ్గింది.

నా బోధనలో నేను ఎక్కువసార్లు చెప్పిన విషయం బహుశా ఇదే. మొదటివాళ్లు చెడ్డవాళ్లు కారు, వాళ్లు నిజంగా ప్రయత్నించారు. కానీ న్యాయంగా ఉండాలన్న కోరికకు పట్టుకోవడానికి ఏమీ లేదు, ఎందుకంటే వాళ్లకు తాము న్యాయంగానే ఉన్నట్టు అనిపిస్తోంది. రెండోవాళ్లకు చేతిలో ఒక పని పెట్టారు. ఎమిలీ ప్రోనిన్, తోటివాళ్లు 2002లో చూపించినట్టు, జనం ఈ బయాస్‌ల గురించి వివరంగా చదివాక కూడా "ఇవి మామూలు మనుషులకన్నా నాలో తక్కువ" అనే అంటారు. తప్పులెన్నువారు తమ తప్పులెరుగరని వేమన ఊరికే అనలేదు. అందుకే నేను మనసు మీద నమ్మకం పెట్టుకోవడం మానేసి, పద్ధతి మీద పెట్టుకున్నాను. ఇప్పుడు పేపర్లు దిద్దేటప్పుడు పేరు మీద కాగితం మడిచి పిన్ను పెడతాను. అందరి మొదటి జవాబులూ దిద్దాక, కట్ట కలిపేసి, రెండోవి మొదలుపెడతాను. ఎక్కువ సమయం పడుతుంది. ఎంపిక కమిటీలో కూర్చుంటే, చర్చకు ముందే ఎవరి అభిప్రాయం వాళ్లు కాగితం మీద రాయమని పట్టుబడతాను. లేకపోతే మొదట మాట్లాడినవాడి మాటే అందరి మాట అయిపోతుంది.

మనుషుల మీద ఉన్న దురభిప్రాయానికి ఇంకొకటి కావాలి, కలిసి పనిచేయడం. ఊరికే పక్కపక్కన ఉంటే చాలదు. ఆల్‌పోర్ట్ షరతులు పెట్టాడు: సమాన హోదా ఉండాలి, ఉమ్మడి లక్ష్యం ఉండాలి, దానికోసం ఒకరి మీద ఒకరు ఆధారపడాలి, పైవాళ్ల మద్దతుండాలి. యజమాని, పనిమనిషి పాతికేళ్లు ఒకే కప్పు కింద ఉన్నా అభిప్రాయాలు మారకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. కలిసి ఉన్నారు గానీ సమానంగా లేరు.

ఇప్పుడు మీ కొత్త సహోద్యోగి సంగతి. మీ అభిప్రాయం తప్పని నేను అనడం లేదు. ఆయన నిజంగానే పొగరు మనిషి అయి ఉండొచ్చు. కానీ అది తేలాలంటే ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు ఆయన చేసినది మాత్రం రాయండి, కెమెరాలో పడితే ఎంత పడుతుందో అంతే. "లంచ్‌కి పిలిస్తే రానన్నాడు." "మీటింగులో నేను చెప్పింది సరిచేశాడు." కుడివైపు దానికి మీరు పెట్టిన పేరు రాయండి. తర్వాత ఎడమవైపు ఉన్న ఒక్కో పనినీ మీకు బాగా ఇష్టమైన స్నేహితుడు చేశాడనుకుని, కుడివైపు ఏ పేరు వచ్చేదో దాని పక్కనే రాయండి. లంచ్‌కి రాకపోతే "మొహమాటం" అని వస్తుందేమో, సరిచేస్తే "జాగ్రత్త గల మనిషి" అని వస్తుందేమో. రెండు పేర్లూ ఒకటే అయిన చోట మీ అభిప్రాయానికి బలం ఉంది. వేరైన చోట, ఆ సంఘటనని లెక్కలోంచి తీసేయండి.

అది అయ్యాక, ఆయన పొగరు మనిషి కాకపోతే ఎలా ప్రవర్తించేవాడో కూడా రెండు వాక్యాలు ముందే రాసి పెట్టుకోండి, వేసన్ ఆటలో ఎవరూ అడగని 6, 4, 2 లాగా. వచ్చే నెలలో అవి జరిగాయో లేదో చూడండి. వీలైతే ఇద్దరూ కలిసి చేయాల్సిన పని ఒకటి అడిగి తీసుకోండి, ఒకరి సాయం లేకుండా ఇంకొకరికి పూర్తవనిది. ఆ కాగితం ఎడమవైపు ఎన్ని వాక్యాలు మిగిలాయో మళ్లీ రాస్తే, కుడివైపు గురించి అప్పుడు మాట్లాడుకుందాం.